గది నిండా మనుషులు, బయట మే నెల ఎండ – ఏసీ లేకుండా చల్లగా ఉండేదెలా?



వేసవి వచ్చిందంటే మన పోచారం, నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి వైపు ఇళ్లలో రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. ఎండలు ముదురుతాయి, ఇళ్లు నిండుతాయి. బడులకు సెలవులిస్తారు. కూతుళ్లు పిల్లలతో తల్లిగారింటికి వస్తారు. తొలి కాన్పు అమ్మాయిలు కూడా అప్పుడే వస్తారు. పెళ్లిళ్లు అవుతాయి. సంఘాల్లో పిల్లలకు వి.బి.ఎస్. తరగతులు పెడతారు. ఆసుపత్రి వార్డులోనూ అంతే. ఒక రోగి మంచం చుట్టూ నలుగురు బంధువులు కూర్చుంటారు. అంటే సంవత్సరం మొత్తంలో ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లోనే మన గదుల్లో మనుషులు కూడా ఎక్కువగా ఉంటారు.

వడదెబ్బ అంటే పొలంలోనో, ఉపాధి పనిలోనో, రోడ్డు మీదనో ఎండలో తిరిగినవారికే తగులుతుందని చాలామంది అనుకుంటారు. వారికి తగులుతుంది, నిజమే. కానీ గడప దాటని ముసలివారికి, మంచం పట్టిన రోగికి, పదిరోజుల పసిగుడ్డుకు కూడా తగులుతుంది. రేకుల కింద, గాలి ఆడని గదిలో, పదిమంది మధ్య కూర్చున్నా తగులుతుంది. మన తెలుగునేల ఈ దెబ్బను చాలాసార్లు తిన్నది. 2002 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడగాడ్పులకు చనిపోయారు. మరుసటి ఏడు 2003లో ఆ సంఖ్య మూడు వేల వరకు వెళ్లింది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. వీరిలో ఎక్కువమంది పేదలు, వృద్ధులు, రెక్కల కష్టం మీద బ్రతికేవారు.

ఏసీ కొనే స్తోమత మనలో చాలామందికి లేదు. ఉన్నవారికీ మధ్యాహ్నం కరెంటు పోతే అది గోడకు తగిలించిన పెట్టె మాత్రమే. కాబట్టి ఏసీ లేకుండా ఏమి చేయవచ్చో ఈ వ్యాసంలో చెప్పుకుందాం. గదిలోకి వేడి మూడు దారుల్లో వస్తుంది: పైకప్పు నుండి, కిటికీ తలుపుల నుండి, గదిలో ఉన్న మన నుండి. మొదటి రెండు దారుల గురించి అందరూ మాట్లాడతారు. మూడోదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. మనుషులతో నిండిన గదిలో అదే పెద్ద దారి.

ఒళ్లు ఎలా చల్లబడుతుంది?

మన ఒంట్లో వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. తిన్న తిండి అరిగేటప్పుడు, గుండె కొట్టుకునేటప్పుడు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా లోపల వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడిని చర్మం బయటికి పంపుతుంది. బయటి గాలి ఒంటికంటే చల్లగా ఉంటే ఆ పని సులువు. బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు గాలే మనకు వేడినిస్తుంది. అప్పుడు మిగిలిన ఒకే ఒక ఆధారం చెమట. చెమట కారితే చాలదు, అది చర్మం మీద ఆరాలి. ఆరినప్పుడే వేడిని తీసుకుపోతుంది.

గదిలో ఇరవై మంది ఉండి గాలి కదలకపోతే అందరి ఊపిరిలోని తేమ, అందరి చెమట ఆ గాలిలోనే చేరుతుంది. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు, కారిపోతుంది. దీన్నే మనం ఉక్కపోత అంటాం. బయటికంటే గదిలో రెండు డిగ్రీలు తక్కువే ఉన్నా ఒళ్లు ఎక్కువ అలసిపోతుంది. వృద్ధులకు చెమట తక్కువ పడుతుంది, దాహం కూడా సరిగా తెలియదు. పసిపిల్లలకు చెప్పే నోరు లేదు. బీపీకి నీటి మాత్రలు వాడేవారికి, మానసిక జబ్బులకు మందులు వాడేవారికి, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి వేడి త్వరగా హాని చేస్తుంది. అలాగని మందులు మీ అంతట మీరు ఆపకండి. వేసవికి ముందే డాక్టరుగారిని ఒకసారి అడగండి.

మొదటి దారి: పైకప్పు

నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు అందరికంటే ఎక్కువ ఎండ తినేది ఇంటి కప్పు. రేకులు పదినిమిషాల్లో కాలుతాయి, సాయంత్రం త్వరగానే చల్లారుతాయి. స్లాబు అలా కాదు. మధ్యాహ్నమంతా వేడిని మింగి, సాయంత్రం నుండి అర్ధరాత్రి వరకు గదిలోకి వదులుతుంది. అందుకే స్లాబు ఇంట్లో రాత్రి పది గంటలకు ఫ్యాను వేసినా పైనుండి సెగ దిగుతున్నట్టు ఉంటుంది. పాత గూన పెంకుల ఇళ్లలో పెంకుల సందుల నుండి వేడిగాలి పైకి పోయేది. ఆ సుఖం రేకులకూ లేదు, స్లాబుకూ లేదు.

దీనికి అన్నిటికంటే చవకైన మందు తెల్లరంగు. నల్లబడిన స్లాబు ఎండను తాగుతుంది, తెల్లగా ఉన్న స్లాబు చాలా భాగాన్ని తిరిగి ఆకాశంలోకి పంపుతుంది. 2017లో హైదరాబాదులో పేదల ఇళ్లు 25 తీసుకుని కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరచి చూశారు. అలాంటి పొర లేని ఇళ్లతో పోలిస్తే ఆ ఇళ్లలో లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తక్కువగా ఉంది. 2 డిగ్రీలేనా అనుకోకండి. జ్వరంలో 2 డిగ్రీల తేడా ఏమిటో ప్రతి తల్లికీ తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఈ చల్లని పైకప్పుల కోసం 2028 వరకు ఒక విధానాన్నే ప్రకటించింది.

మన ఊళ్లో దీన్ని సున్నంతో చేసుకోవచ్చు. చేసే పద్ధతి ఇది:

1. ఎండలు ముదరకముందే, మార్చి నెలలో చేయండి.
2. స్లాబును బాగా ఊడ్చి, కడిగి, పగుళ్లుంటే సిమెంటుతో పూడ్చండి.
3. ముందురోజు నానబెట్టి వడగట్టిన సున్నంలో ఫెవికాల్ లాంటి జిగురు కొంచెం కలపండి. జిగురు లేకపోతే మొదటి వానకే పోతుంది.
4. సాయంత్రం పూట, స్లాబు కొంచెం తడిగా ఉండగా, ఒక పూత ఆరిన తరువాత ఇంకొకటి చొప్పున రెండు మూడు పూతలు వేయండి.
5. ఏటా ఒకసారి మళ్లీ వేయండి. దుమ్ము పట్టి మాసిన తెలుపు పని చేయదు.

ఇక్కడ నర్సుగా ఒక హెచ్చరిక. రాతి సున్నం నీళ్లలో వేస్తే ఉడుకుతుంది, చిమ్ముతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. పిల్లలను దగ్గరికి రానివ్వకండి, కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు పెట్టుకోండి. కంట్లో పడితే ఏ మందూ, పాలూ వేయకుండా వెంటనే ఇరవై నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి రండి. ఇంకో హెచ్చరిక సిమెంటు రేకుల వారికి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని ఇనుప బ్రష్షుతో గీకకూడదు, కోయకూడదు. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు పోసి మెత్తగా కడిగి రంగు వేయండి. రేకుల మీద కాలు పెట్టి నడవకండి, విరిగి కింద పడి నడుము పోగొట్టుకున్నవారు ఏటా ఆసుపత్రులకు వస్తూనే ఉన్నారు.

రేకుల మీద తాటికమ్మలు, వరిగడ్డి పరిచినా నీడ దొరుకుతుంది. అవి ఎండి ఉంటాయి కాబట్టి పొయ్యికి, కరెంటు తీగకు దూరంగా ఉండాలి. రేకుల కింద చాపలతోనో, మందపు గుడ్డతోనో రెండో కప్పు కట్టి, మధ్యలో జానెడు ఖాళీ వదిలినా సెగ నేరుగా నెత్తి మీదికి దిగదు.

రెండంతస్తుల ఇల్లు ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోండి. అహ్మదాబాదులో శారదాబెన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు అన్నిటికంటే పై అంతస్తులో, సరిగ్గా కప్పు కింద ఉండేది. 2010 వేసవిలో ఆ ఊళ్లో వేడి దాదాపు 47 డిగ్రీలు తాకినప్పుడు ఎండ వల్ల జబ్బుపడిన పసికందులు ఎక్కువగా చేరారు. తరువాత ఆ వార్డును కిందికి మార్చారు. ఆ మార్పుతో వేడి వల్ల చేరే పిల్లల సంఖ్య బాగా తగ్గిందని అక్కడి డాక్టర్లే రాశారు. ఏసీ పెట్టలేదు, గది మార్చారు. మీ ఇంట్లో కూడా మే నెలలో ముసలివారిని, బాలింతను, పిల్లలను కింది గదిలో పడుకోబెట్టండి. పై గది గట్టి ఒంటివారికి వదలండి.

రెండో దారి: కిటికీలు, తలుపులు

కిటికీకి లోపల పరదా కడితే వెలుతురు ఆగుతుంది గాని, అద్దం దాటి వచ్చిన వేడి లోపలే ఉండిపోతుంది. నీడ బయట ఉండాలి. బయట ఈతచాప వేలాడదీయండి, పందిరి వేయండి, ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టండి, బీరతీగ పాకించండి. ముఖ్యంగా పడమటి గోడకు నీడ చేయండి. మధ్యాహ్నం మూడు గంటల ఎండ దాని మీదే పడుతుంది. పడమర ఒక వేపచెట్టు ఉన్న ఇంటికి సగం బాధ తీరినట్టే.

కిటికీలు ఎప్పుడు తెరవాలి? బయట గాలి లోపలికంటే చల్లగా ఉన్నప్పుడు. అంటే రాత్రి నుండి పొద్దున ఎనిమిది వరకు అన్నీ తెరవండి. రాత్రి గాలి గోడలను, నేలను చల్లబరిస్తే ఆ చలువ మధ్యాహ్నం వరకు కొంత నిలుస్తుంది. దోమల భయానికి రాత్రి కిటికీలు మూసేవారు చాలామంది ఉన్నారు. కిటికీకి జాలీ కొట్టించండి, లేదా దోమతెర కట్టుకుని కిటికీ తెరవండి. పొద్దెక్కాక, గదిలో ఇద్దరు ముగ్గురే ఉంటే, ఎండవైపు కిటికీలు మూయండి. నీడవైపు ఒకటి, పైన వెంటిలేటరు తెరిచి ఉంచండి. వేడిగాలి తేలికై పైకి పోతుంది. పైన దారి లేకపోతే అది కప్పు కింద గూడుకట్టి మెల్లగా మన తల వరకు దిగుతుంది.

మన పెద్దలకు ఇది తెలుసు. మెదక్ కెథడ్రల్ పని 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆ మందిరాన్ని సుమారు ఐదు వేల మంది కూర్చునేలా కట్టించారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1916-1922 మధ్య, మన పోచారం ప్రాజెక్టు కట్ట కూడా కట్టారు. ఆ కాలపు కట్టడాలు ఏసీని నమ్ముకుని కట్టినవి కావు. మందమైన రాతి గోడలు ఎండను త్వరగా లోపలికి రానివ్వవు. ఎత్తైన కప్పు వేడిగాలికి మన తల పైన చోటిస్తుంది. పాత మిషను బంగళాలకు, వార్డులకు చుట్టూ వరండా ఎందుకు పెట్టారు? గోడ మీద ఎండ పడకుండా. ఎదురెదురు కిటికీలు ఎందుకు పెట్టారు? ఇటు వచ్చిన గాలి అటు పోవడానికి. ఈ రోజు మనం చోటు కోసం వరండాను గదిగా మార్చి, వెంటిలేటరుకు అట్ట అడ్డం పెట్టి, ఎదురు కిటికీకి బీరువా ఆనించి, ఆ తరువాత ఉక్కపోస్తోందని అంటున్నాం. మీ ఇంట్లో ఈ రోజే ఒకసారి చూడండి, ఏ కిటికీ సామాన్ల వెనక చిక్కుకుపోయిందో.

మూడో దారి: మనమే

ఊరికే కూర్చున్న ఒక పెద్దమనిషి ఒంటి నుండి సుమారు 100 వాట్ల వేడి బయటికి వస్తుంది. పాతకాలపు వంద వాట్ల బల్బు ఎంత వేడిగా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. గదిలో ఇరవై మంది ఉంటే అలాంటి బల్బులు ఇరవై వెలుగుతున్నట్టు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు రెండు ఆపకుండా వేసి గదిలో పెట్టినట్టు. పైకప్పుకు ఎంత సున్నం కొట్టినా ఈ వేడి తగ్గదు. గాలి వచ్చి తీసుకుపోవాలి, లేదా మనుషులు తగ్గాలి.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో త్రోయలోని మేడగది గుర్తుచేసుకోండి. అందరూ కూడుకున్నారు, అనేక దీపాలు వెలుగుతున్నాయి, పౌలు అర్ధరాత్రి వరకు మాట్లాడుతున్నాడు. ఐతుకు అనే యౌవనుడు కిటికీలో కూర్చుని నిద్రకు తూలి మూడో అంతస్తు నుండి కింద పడ్డాడు. ఆ కుర్రవాడిని నిద్రపోతు అని మనం నవ్వుకుంటాం. కానీ నూనె దీపాలు, నిండిన గది, ఆలస్యమైన వేళ చూస్తే, గాలి కోసమే కిటికీ దగ్గర చేరాడేమో అని నాకు తోస్తుంది. వాక్యం అలా చెప్పలేదు, ఒక నర్సుకు కలిగిన ఆలోచన మాత్రమే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పైన మధ్యాహ్నం కిటికీలు మూయమన్నాను. అది మనుషులు తక్కువ ఉన్న గదికి. గది నిండా జనం ఉంటే మూయకూడదు. బయట వేడిగా ఉన్నా సరే, నీడవైపు కిటికీలు, తలుపులు తెరిచే ఉంచాలి. మూస్తే మన వేడి, మన తేమ, మన ఊపిరి అన్నీ అక్కడే తిరుగుతాయి. టీబీ క్రిములు కూడా గాలిలోనే తేలుతాయి. కరోనా రోజుల్లో మూసిన గదులు ఏమి చేశాయో అందరం చూశాం. ఫ్లోరెన్స్ నైటింగేల్ అమ్మగారు 1859లో రాసిన నర్సింగ్ పుస్తకంలో రోగి పీల్చే గాలి బయటి గాలి అంత శుభ్రంగా ఉండాలన్నదాన్నే అన్నిటికంటే ముందు పెట్టారు. మేము చదువుకున్న రోజుల నుండి ఈ రోజు వరకు ఆ మాట మారలేదు.

కాబట్టి వార్డులో రోగి దగ్గర ఒక్కరు ఉండండి. చూడవచ్చినవారు నాలుగు మాటలు మాట్లాడి, ప్రార్థన చేసి, బయట చెట్టు నీడకు వెళ్లండి. పది మంచాల వార్డులో మంచానికి నలుగురు కూర్చుంటే రోగులతో కలిపి యాభై మంది. మిమ్మల్ని బయట ఉండమని సిస్టరు చెప్పినప్పుడు కోపం చేసుకోకండి. మీ మీద అయిష్టం ఏమీ లేదు. మీ రోగికే ఆ గాలి కావాలి.

ఇంట్లో కూడా పగటివేళ వంట పెందలాడే ముగించండి. వంటగది వేరుగా లేని ఇళ్లలో పొయ్యిని మధ్యాహ్నం వరండాలోకి మార్చండి. అవసరం లేని టీవీ, పాత బల్బులు ఆపండి.

ఫ్యాను, కూలరు, తడిగుడ్డ

ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది. ఆ కదిలే గాలికి చెమట ఆరుతుంది, అందుకే హాయిగా ఉంటుంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే కరెంటు ఖర్చు తప్ప చలువ లేదు. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని ఇంకా వేడి చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అటువంటప్పుడు ఒట్టి ఫ్యాను కింద ముసలివారిని పడుకోబెట్టి వెళ్లకండి. చేతులు, మెడ, ముఖం తడిగుడ్డతో తుడుస్తూ ఉంటే ఆ తడి ఆరి ఒళ్లు చల్లబడుతుంది. పలచని నూలు తువ్వాలు తడిపి భుజాల మీద వేయడం కూడా మంచిదే.

కూలరు మన ప్రాంతపు పొడి ఎండకు మంచి సాధనం. కానీ గది మూసి కూలరు వేయడం పెద్ద పొరపాటు. కూలరు తేమను లోపలికి తోస్తుంది, ఆ తేమ బయటికి పోవాలి. కూలరును కిటికీ బయట పెట్టి, ఎదురు కిటికీ తెరిచి ఉంచండి. మృగశిర వానలు పడి గాలిలో తేమ పెరిగాక కూలరుతో ఉక్క ఎక్కువవుతుంది. అప్పుడు నీళ్లు ఆపి ఫ్యానుగా వాడుకోండి. కూలరు నీళ్లు వారానికి ఒకసారి పూర్తిగా పారబోసి, తొట్టి తోమి ఆరనివ్వండి. డెంగీ దోమ నిలువ ఉన్న మంచినీళ్లలోనే పుడుతుంది. నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీసేయండి. ఇనుప కూలరుకు ఎర్త్ లేక షాకుతో ప్రాణాలు పోయిన ఇళ్లు ఉన్నాయి.

కూలరు లేనివారు గాలి వచ్చే కిటికీకి వట్టివేళ్ల తడికనో, గోనెపట్టానో కట్టి తడుపుతూ ఉండండి. గాలి వీస్తేనే ఇది పని చేస్తుంది. మూసిన గదిలో నేలంతా నీళ్లు చల్లితే ఉక్క పెరుగుతుంది తప్ప లాభం లేదు. ఆ నీళ్లు సాయంత్రం వాకిట్లో చల్లండి, లేదా మట్టి రంజన్‌లో పోసి తాగండి.

బాలింత గది

ఈ భాగాన్ని అత్తగార్లు, అమ్మమ్మలు దయచేసి రెండుసార్లు చదవండి.

బాలింతకు గాలి తగలకూడదని మన పెద్దలు అంటారు. గది తలుపులు మూస్తారు, తలకు గుడ్డ కడతారు, చెవుల్లో దూది పెడతారు, బిడ్డకు టోపీ, సాక్సులు వేసి రెండు బట్టల్లో చుడతారు. కొందరి ఇళ్లలో కుంపటి కూడా పెడతారు. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని తల్లికి లెక్కపెట్టి ఇస్తారు. పైగా బిడ్డను చూడడానికి వచ్చిన బంధువులంతా ఆ గదిలోనే కూర్చుంటారు. చలికాలపు కాన్పుకు వెచ్చదనం అవసరమే. నెలలు నిండని బిడ్డకు, బరువు తక్కువ బిడ్డకు ఎప్పుడూ వెచ్చదనం చూడాలి, దాని గురించి సిస్టరును అడగండి. కానీ మే నెలలో, రేకుల కింద, ఈ పద్ధతులన్నీ కలిపి చేస్తే ఆ గది బిడ్డ ప్రాణానికి ముప్పు.

అలాంటి బిడ్డలను ఎలా తీసుకొస్తారో వినండి. ఒళ్లు కాలుతూ ఉంటుంది. పాలు తాగడం మానేస్తారు. ఏడవడానికి కూడా ఓపిక ఉండదు. నోరు ఎండిపోయి, పొద్దుటి నుండి మూత్రం పోయకుండా ఉంటారు. ఇంట్లోవారు జ్వరం అనుకుని ఇంకో దుప్పటి కప్పుతారు.

కాబట్టి వేసవి కాన్పుల ఇంటివారు ఈ మాటలు పాటించండి:

– బిడ్డకు ఒక పలచని నూలు బట్ట చాలు. ఎండకాలం ఇంట్లో టోపీ, సాక్సులు అక్కరలేదు.
– బిడ్డ పొట్ట, వీపు, పాదాలు తాకి చూడండి. అన్నీ వేడిగా ఉంటే బట్టలు తీసి, గాలి వచ్చే చోటికి మార్చి, పాలు పట్టండి. కొద్దిసేపట్లో మామూలు కాకపోతే అది లోపలి జ్వరం కావచ్చు. ఆలస్యం చేయకుండా తీసుకురండి.
– ఆరు నెలల వరకు తల్లిపాలే. ఎంత ఎండైనా బిడ్డకు నీళ్లు, పంచదార నీళ్లు పట్టవద్దు. అడిగినప్పుడల్లా పాలివ్వండి. తల్లిపాలలో నీరే ఎక్కువ.
– తల్లి దాహం తీరా నీళ్లు, చల్ల, అంబలి తాగాలి. ఆమె తాగకపోతే పాలు తగ్గుతాయి.
– వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోయాలి. తగ్గితే పాలు చాలడం లేదన్నమాట.
– కిటికీ తెరవండి. ఫ్యాను వేయండి. కూలరు గాలి నేరుగా బిడ్డ మీద పడకుండా పక్కకు తిప్పండి.
– చూడవచ్చినవారు ఒకరి తరువాత ఒకరు వచ్చి వెళ్లండి. ఆశీర్వాదం గడప దగ్గర నుండి ఇచ్చినా తగ్గదు.

పెద్దల ప్రేమను తప్పుపట్టడం లేదు. ఆ ప్రేమనే ఎండకాలానికి తగినట్టు చూపించమంటున్నాం.

సంఘంలో, వి.బి.ఎస్.లో, పెళ్లిలో

చర్చిలు, కమ్యూనిటీ హాళ్లు చాలావరకు రేకులవే. అక్కడ వందమంది చేరితే ఏమవుతుందో పైన లెక్క చూశారు. కాపరులకు, పెద్దలకు మా మనవి:

1. ఏప్రిల్, మే నెలల్లో ఆదివారం ఆరాధన పొద్దున పెందలాడే మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకు ముగించండి.
2. వి.బి.ఎస్. పొద్దున 7 నుండి 10 వరకు చాలు. పిల్లలను ఒకే హాల్లో కూర్చోబెట్టక తరగతుల వారీగా చెట్ల కింద, పందిళ్ల కింద విడదీయండి. ఆటలు ముందు, కథలు తరువాత పెట్టండి.
3. రెండు మూలల్లో రంజన్లు పెట్టండి. పిల్లలు అడిగే వరకు ఆగక గంట గంటకూ మీరే తాగించండి.
4. వృద్ధులను, గర్భిణులను తలుపు దగ్గర, గాలి వచ్చే వరుసలో కూర్చోబెట్టండి. ముందు వరుస మర్యాద వేసవిలో వద్దు.
5. పెళ్లి టెంటుకు చుట్టూ గుడ్డ కట్టకండి, పైన మాత్రమే ఉండనివ్వండి. నాలుగు వైపులా గాలి రావాలి.
6. ఒకరిద్దరు పెద్ద పిల్లలకు చుట్టూ చూస్తూ ఉండే పని అప్పజెప్పండి. ఎవరైనా తూలుతున్నా, మాట తడబడుతున్నా వెంటనే చెప్పాలి.

వడదెబ్బ తగిలితే

రెండవ రాజులు 4వ అధ్యాయంలో షూనేమీయురాలి కుమారుడు కోతకాలంలో తండ్రి దగ్గరికి పొలానికి వెళ్లి తలనొప్పి అన్నాడు. తల్లి ఒడిలో మధ్యాహ్నం వరకు ఉండి చనిపోయాడు. అది వడదెబ్బే అయి ఉంటుందని చాలామంది అంటారు. వడదెబ్బ అంత త్వరగా ప్రాణం తీయగలదు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, పిక్కలు పట్టేయడం మొదటి గుర్తులు. అప్పుడే నీడకు తీసుకువెళ్లి, బట్టలు వదులు చేసి, ఓ.ఆర్.ఎస్. తాగించాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో సమంగా తీసిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి. గుండె, కిడ్నీ జబ్బువారికి ఎంత ఇవ్వాలో డాక్టరును అడగండి.

ఒళ్లు 104 ఫారెన్‌హీట్ దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా చేతులు ముడుచుకుని ఉండకండి. బట్టలు తీసి ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చుట్టూ గుంపు కూడకండి, గాలి రానివ్వండి. పారాసిటమాల్ మాత్ర వడదెబ్బ వేడిని దించదు. దాని మీద ఆశతో సమయం పోగొట్టుకోకండి.

చివరిగా ఒక మనవి

మన ఊళ్లలో పిల్లలు పట్నానికో గల్ఫుకో వెళ్లిపోయి, రేకుల గదిలో ఒంటరిగా ఉంటున్న పెద్దవారు ప్రతి వాడలో ఉన్నారు. వారు స్లాబు ఎక్కి సున్నం కొట్టుకోలేరు. కిటికీకి అడ్డమున్న బీరువా జరపలేరు. ప్రతి సంఘంలోని యవనస్థులు మార్చి నెలలో రెండు శనివారాలు ఇవ్వండి. అటువంటి ఇళ్లు ఎంచుకుని కప్పుకు తెల్లసున్నం వేయండి, పడమటి కిటికీకి చాప కట్టండి. స్త్రీల మైత్రి సహోదరీలు మే నెలలో మధ్యాహ్నం మూడు గంటల వేళ ఆ ఇంటి తలుపు ఒకసారి తట్టి, ఒక చెంబు చల్ల ఇచ్చి, తాగేవరకు కూర్చుని రండి. ఆ వేళలో పలకరించే మనిషి ఉంటే వడదెబ్బ మొదటి గుర్తుల్లోనే తెలుస్తుంది. అప్పుడు మంచినీళ్లతో, తడిగుడ్డతో నయమవుతుంది.

ఈ వేసవిలో మీ ఇంటిలోని చిన్నవారినీ పెద్దవారినీ ప్రభువు కాపాడును గాక.